చార్జింగ్ ఆగాలె: టీకా తాత్పర్య సహితము

మూలము:
"ఆ కంపెనీదే ఇయ్యన్నా. ఆట ఆడినా చార్జింగ్ ఆగాలె."

అవతారిక: చర్లలో ఒక సెల్‌ఫోన్ రిపేరు కొట్టు ముందు పుట్టిన వాక్యమిది. వక్త పామేడు కుర్రవాడు. అతని పాత ఫోను బ్యాటరీ ఉబ్బి, వెనక మూత లేచి, ఊడిపడకుండా రబ్బరు బ్యాండు కట్టుకుని ఉంది. పామేడు కాగితాల మీద ఛత్తీస్‌గఢ్‌లోని బీజాపూర్ జిల్లాది. అయినా సరుకుకైనా సెల్లుకైనా సరిహద్దు దాటి తెలంగాణలోని చర్లకు రావడం ఆ ఊరికి పాత అలవాటు. జిల్లా ఏదైతేనేం, దారి ఎటుంటే అంగడి అటు. ఈ సంగతి ముందు పనికొస్తుంది, పాఠకులు మరవకూడదు. మన మెదక్ సీమవాడైన కోలాచల మల్లినాథసూరి మూలంలో లేనిది రాయనని ముందే మాటిచ్చి వ్యాఖ్యానానికి కూర్చున్నాడు. మేము అంత మాట ఇవ్వలేము.

ప్రతిపదార్థము: అన్నా = ఓ కొట్టు యజమానుడా (వయసులో చిన్నవాడైనా, బేరమాడబోతున్నాం గనుక అన్నే); ఆ = మునుపు నా చేతిలో ఉన్న; కంపెనీదే = కంపెనీవారి ఫోనునే; ఇయ్యి = ఇవ్వుము (ఊరికే కాదు); ఆట ఆడినా = కళ్లు మూతలు పడేదాకా ఆడినప్పటికీ; చార్జింగ్ = బ్యాటరీలోని సారము; ఆగాలె = నిలువవలెను.

విశేషము: కుర్రవాడు కంపెనీ పేరు ఎత్తలేదు. చిన్నయసూరి త్రికమన్న ఆ, ఈ, ఏలలో మొదటిదాన్ని వాడి ఊరుకున్నాడు. ఇక భక్తి అంతా 'కంపెనీదే' అన్న మాట చివరి ఏత్వంలో ఉంది. ఆ ఏత్వాన్ని తీసేస్తే అది మామూలు బేరం. ఉంచితే వ్రతం.

ఈ వ్రతం దేనిమీద నిలిచిందన్నదే విచారణ. కంపెనీ పేరుమీద అని కొందరి మతం. వారు నింటెండోను చూపిస్తారు. 1889లో క్యోటోలో పూల బొమ్మల పేకముక్కలు చేయడానికి పుట్టిన ఆ సంస్థ నేటికీ చేతి ఆటల్లో పెద్దపీట వేసుకుని కూర్చుంది కదా, ఇది పేరు మహిమ కాక మరేమిటి అని వారి వాదం. ఇది సాధువు కాదు. 1989లో ఆ కంపెనీ గేమ్‌బాయ్ తెచ్చింది. తెర రంగులేనిది, పాచిపట్టిన నూతినీళ్ల ఛాయ. మరుసటి ఏడు సెగా కంపెనీ గేమ్‌గేర్ తెచ్చింది. దానికి రంగుల తెర, తెర వెనక దీపం, చూడముచ్చటైన సామాను. అయితే గేమ్‌గేర్ ఆరు పెన్సిల్ సెల్లులు మింగి నాలుగైదు గంటల్లో కళ్లు తేలేసేది. గేమ్‌బాయ్ నాలుగు సెల్లులతో పది పదిహేను గంటలు లాగేది. గేమ్‌బాయ్, దాని తర్వాత వచ్చిన రంగుల తమ్ముడు కలిసి 11.8 కోట్లకు పైగా అమ్ముడుపోయాయి. గేమ్‌గేర్ కోటి దాటి ఆగింది. గేమ్‌బాయ్‌ని రూపొందించిన బృందానికి పెద్ద గున్‌పెయ్ యోకోయి. కొత్త సరుకు వెంట పరుగెత్తక, బాగా నలిగి చవకైన పాత పరికరాన్నే పక్కదారిన వాడాలన్నది ఆయన పద్ధతి. మన ఇళ్లలో మిగిలిన చద్దన్నాన్ని పులిహోర చేసినట్టు.

అంటే అప్పటి పిల్లలు 'ఆ కంపెనీదే' అని మారాం చేసింది పేరు చూసి కాదు. సెల్లులు కొనిపెట్టే నాన్న మొహం చూసి. మూలంలోని రెండో వాక్యమే మొదటి వాక్యానికి హేతువని దీన్నిబట్టి గ్రహించాలి.

శంక: అలాగైతే అసలు పేరుకు బలమే లేదా?

సమాధానము: ఉంది, ఒక హద్దు దాకా. మన దేశంలో నోకియాకు ఉన్నంత పలుకుబడి ఒకప్పుడు ఏ సెల్లుకుంది? 1997లో 6110 మోడలుతో మొదలైన పాము ఆట ఎందరి బొటనవేళ్లను అరగదీసిందో! (పామేడు పేరులోనే పాముంది చూశారా అని ఇక్కడొక వ్యుత్పత్తి లాగబోయి, సిగ్గుపడి మానుకున్నాము.) అదే నోకియా 2003లో ఆటకూ మాటకూ ఒక్కటే అంటూ ఎన్‌గేజ్ తెచ్చింది. అందులో ఆట మార్చాలంటే వెనక మూత తీసి, బ్యాటరీ ఊడదీసి, కింద కార్డు పెట్టాలి. మాట్లాడాలంటే అంచును చెవికి ఆనించి, అప్పడం నిలబెట్టినట్టు పట్టుకోవాలి. పామును నెత్తిన పెట్టుకున్న భక్తులే దాన్ని ముట్టలేదు.

శ్లేష: 'ఆగు' అంటే నిలవడం, ఆగు అంటే నిలిచిపోవడం. ఆట విషయంలో రెండో అర్థమూ చూడాలి. 2020 సెప్టెంబరు 2న కేంద్ర ప్రభుత్వం 118 యాప్‌లను నిషేధించింది. అందులో పబ్జీ ఒకటి. ఏడాది తిరక్కుండా 2021 జులైలో అదే ఆట బీజీఎంఐ అని పేరు మార్చుకుని వచ్చింది, 2022 జులైలో మళ్లీ మాయమైంది, 2023 మేలో మళ్లీ తేలింది. ఇన్ని జన్మలెత్తినా జనం నోట అది పబ్జీయే. పెట్టినవాళ్లు పెట్టిన పేరు ఎవరికీ పట్టలేదు. నిషేధపు రోజుల్లో ఆడేవాడికి ఫోను తనది, చార్జింగ్ నిండుగా ఉంది, అయినా ఆట లేదు. తిరునాళ్లలో కొన్న బ్రిక్‌గేమ్ డబ్బాకు ఏ నిషేధమూ తగల్లేదు. దానికి సిగ్నలు అక్కర్లేదు, సెల్లులుంటే చాలు.

ఇక భవిష్యత్తు మాట. 2025 జూన్ 5న నింటెండో స్విచ్ 2 విడుదలైంది. నాలుగు రోజుల్లో 35 లక్షలకు పైగా పోయాయి. భక్తి చెక్కు చెదరలేదన్నమాట. దానికి వచ్చే కొన్ని ఆటల కార్డుల్లో మాత్రం ఆట ఉండదు, తాళంచెవి ఉంటుంది. కార్డు దూర్చి, నెట్టులోంచి ఆట దింపుకోవాలి. జపాన్‌లోనో అమెరికాలోనో ఇది చిన్న అసౌకర్యం. సిగ్నలు కోసం చెట్టెక్కే ఊళ్లకు అది పెట్టె లేని తాళంచెవి. 2022లో వాల్వ్ కంపెనీ స్టీమ్‌డెక్ తెచ్చాక కంప్యూటరు ఆటలు కూడా చేతిలోకి దిగాయి. ఇప్పుడు కొన్నవాడు ఆట పెట్టెకు విధేయుడా, తన ఖాతాలో పేరుకున్న ఆటల రాశికా? ఖాతాకే అని మా తీర్పు. పెట్టె మారుస్తాడు, కంపెనీ మారుస్తాడు, కొన్న ఆటలను మాత్రం వదులుకోడు. పామేడువాళ్లు జిల్లా కాగితాన్ని కాక చర్ల దారిని పట్టుకున్నట్టే.

ధర సంగతి మరచితిమి. 2011లో నింటెండో 3డీఎస్‌ను 250 డాలర్లకు తెచ్చి, ఆరు నెలలు నిండకముందే 170కి దించింది. ముందే ఎగబడి కొన్న భక్తులు నొచ్చుకుంటారని ఇరవై పాత ఆటలు ఊరికే పంచి, 'రాయబారులు' అని బిరుదిచ్చింది. తొందరపడినందుకు అంత మర్యాద దక్కడం అరుదు.

పాఠాంతరము: కొట్టతను ధర చెప్పిన తర్వాత మూలానికి ఇంకో పాఠం వినబడింది: "ఏ కంపెనీదైనా ఇయ్యన్నా. ఆట ఆడినా చార్జింగ్ ఆగాలె." త్రికంలో మొదటిది పోయి మూడోది వచ్చింది. రెండో వాక్యం మాత్రం రెండు పాఠాల్లోనూ ఒకటే.