మీ నంబరు మొత్తం ఎంతండీ?

ఇదివరకు కొత్తవాళ్లు పలకరిస్తే ‘మీదే ఊరండీ’ అనేవారు. ఇప్పుడు మా రాజమండ్రి దేవీచౌక్‌లో కాఫీ తాగుతుంటే పక్కాయన ‘మీ సెల్ నంబరు మొత్తం ఎంతండీ?’ అంటున్నాడు. అంకెలన్నీ ఒక్కంకె తేలేదాకా కూడాలట. తొమ్మిదంటే కుజుడు, మనవాడు. ఎనిమిదంటే శని, సిమ్ము మార్చాల్సిందే.

మా బావమరిది మార్చేశాడు. పదిహేనేళ్ల నంబరు వదిలేసి, రెండు వేలు పోసి తొమ్మిది కొనుక్కున్నాడు. బ్యాంకు ఓటీపీలు ఇంకా పాత నంబరుకే పోతున్నాయి. ‘గ్రహం కుదురుకోవాలి బావగారూ’ అంటాడు.

గ్రహం లేదు, గాడిదగుడ్డూ లేదు. పదిని తొమ్మిదితో భాగిస్తే ఒకటి మిగులుతుంది. వందైనా, కోటైనా అంతే. కాబట్టి అంకెలు కూడుతూ పోతే ఆఖరికి తేలేది తొమ్మిదితో భాగించగా మిగిలిన శేషం, ఏమీ మిగలకపోతే తొమ్మిది. సెల్ నంబర్లలా ఆరు మొదలు తొమ్మిది దాకా అంకెలతో మొదలయ్యే పదంకెల సంఖ్యలు 400 కోట్లు. వాటిలో తొమ్మిది తేలే మహర్జాతకం పట్టినవి 44,44,44,445. ఆ చివరి 5 చూశారా, ఫ్యాన్సీ కాకుండా చెడగొట్టింది!

అసలు ఈ ఊళ్లోనా ఈ పిచ్చి? రాజరాజ నరేంద్రుడి ఆస్థానంలో ఉన్నాడని చెప్పుకునే పావులూరి మల్లన, 11వ శతాబ్దిలో, చదరంగం 64 గళ్లలో ఒకటి నుంచి రెట్టిస్తూ పోతే వచ్చే మొత్తాన్ని ఒక్క పద్యంలో బిగించాడు. అంకెలకు బదులు మాటలే: బాణమంటే ఐదు, ఆకాశమంటే సున్నా, ఏనుగంటే ఎనిమిది. ఒకట్ల స్థానం నుంచి వెనక్కి పేర్చుకోవాలి: 18446744073709551615. ఇరవై అంకెల్లో ఒక్కటీ తప్పలేదు. అన్ని వడ్లు కావాలంటే, వెయ్యి గింజలు 20 గ్రాములనుకున్నా, ప్రపంచమంతా ఇప్పటి దిగుబడితో నాలుగు వందల ఏళ్లకు పైగా పండించాలి. మన డెల్టా ఏ మూలకి!

ఆ సంఖ్యని మన నంబర్ల జోస్యం వాళ్ల చేతికిస్తే? కూడితే 87, మళ్లీ కూడితే 15, మళ్లీ కూడితే 6. శుక్రుడు, వస్త్రవ్యాపారం కలిసొస్తుంది. అంకెలన్నీ తారుమారు చేసినా ఆరే. మధ్యలో సున్నాలు పీకేసినా ఆరే. తొమ్మిదిని ఊడబెరికినా ఆరే! గోదావరిని ఉద్ధరిణెలోకి వంచి, ఇదే గోదావరి, తీర్థం పుచ్చుకోండన్నట్టుంది. ఆ సంఖ్య లోపల 3, 5, 17, 257, 641, 65537, 6700417 అనే ప్రధాన సంఖ్యలు కారణాంకాలుగా ఉన్నాయి. వీటిలో 641ని 6700417తో గుణిస్తే వచ్చే 4294967297ని ఫెర్మా అంతటివాడు ప్రధాన సంఖ్యే అనుకున్నాడు; 1732లో ఆయిలర్ 641ని పట్టుకున్నాకే కాదని తేలింది. జాతకమంటూ చూడాలంటే చూడాల్సింది అక్కడ.

ఈ నంబర్ల జోస్యం శాస్త్రం కాదు, దోపిడీ. ఉద్యోగం రాని కుర్రాడికి నీ నంబరులో శని ఉందని చెప్పి డబ్బు గుంజడానికి సిగ్గుండాలి. ఎక్కాలొచ్చిన మేష్టార్లు కూడా పక్కన నిలబడి తమ నంబర్లు కూడుకోవడం చూస్తే ఒళ్లు మండుతుంది.

బావమరిదికి కొత్త నంబరు మీద ఫోన్లు బాగానే వస్తున్నాయి. ముందు ఆ నంబరు వాడినాయన కోసమట. రొయ్యల మేత బాకీ ఎప్పుడు కడతావని తెల్లారకుండానే అడుగుతున్నారు. ఆయనదీ తొమ్మిదేనండి, ఆయ్.