యాక్టివిటీ సారు

సర్కారు హైస్కూళ్లలో కంప్యూటరు సార్లు రెండు రకాలు. ల్యాబు తాళంచెవి మొలతాడుకు కట్టుకు తిరిగేవారు మొదటి రకం. వారి ఏలుబడిలో మానిటర్ల మీది కవర్లు ఏళ్లు గడిచినా చెక్కుచెదరవు. రెండో రకం యాక్టివిటీ సారు. ఈయనకు ల్యాబుతో పనిలేదు, కరెంటుతో అసలే లేదు. కంప్యూటరు ముట్టుకోకుండా ఆ శాస్త్రం నేర్పే ఆటలను టిమ్ బెల్, ఇయన్ విట్టెన్, మైక్ ఫెలోస్ 1990ల్లో కూర్చి ‘కంప్యూటర్ సైన్స్ అన్‌ప్లగ్డ్’ అని పేరు పెట్టారు. అది తన బడిని చూసే పెట్టారని ఈయన నమ్మకం.

తొలి పాఠం బైనరీ. 16, 8, 4, 2, 1 చుక్కల అట్టలు ఐదుగురికిస్తారు. లేస్తే 1, కూర్చుంటే 0. సున్నా నుంచి 31 దాకా లెక్కపెట్టేసరికి పదహారు పట్టుకున్నవాడు ఒక్కసారి లేస్తాడంతే. ఒకటి పట్టుకున్న పిల్ల మాత్రం ఏ తప్పూ చెయ్యకుండానే గుంజీలు తీస్తుంది. విలువ తక్కువైనచోటే పని ఎక్కువన్న సంగతి ఆఫీసు అటెండరుకు బైనరీ రాకుండానే తెలుసు.

తర్వాత అల్గారిథం. సారే రోబో, పిల్లలు చెప్పినట్టు టీ కాచాలి. “పాలు పొయ్యండి సార్” అంటే బల్ల మీదే పోస్తారు, గిన్నె మాట ఎవరూ ఎత్తలేదు గనక. టీపొడి వెయ్యమంటే పొట్లంతో సహా వేస్తారు. కలపమంటే కలుపుతూనే ఉంటారు. ఆపమని చెప్పాలని ఎవరికీ తట్టదు. స్టాఫ్‌రూము పాలు ఇలా శాస్త్రార్పణం అయ్యాక, ఇకపై ఆరుబయట చేసుకోమని హెడ్మాస్టరు సెలవిస్తారు.

ఆరుబయట బబుల్ సార్ట్. ముప్పైమందిని ఎత్తు ప్రకారం సర్దాలి, కానీ ఒక్కసారికి పక్కపక్క ఇద్దరినే పోల్చాలి. వరస పూర్తిగా తిరగబడి ఉంటే 435 పోలికలు. సగమైనా కాకముందే బెల్లు. డ్రిల్లు మాస్టారు అదే పని ఒక్క విజిలుతో కానిచ్చేస్తారు. అక్కడ అందరూ ఒకేసారి భుజాలు కొలుచుకుంటారని, దాన్ని సమాంతర ప్రాసెసింగ్ అంటారని సారు వివరిస్తారు. మాస్టారు వినరు.

గిరాకీ అంతా కార్డుల గారడీకే. ఐదు వరసల్లో ఐదేసి కార్డులు పిల్లలు పేరుస్తారు. మరో అడ్డవరస, నిలువువరస సారు చేరుస్తారు, ప్రతి వరసలోనూ రంగువైపు పైకి ఉన్న కార్డులు సరిసంఖ్యలో ఉండేట్టు. ఆయన వెనక్కి తిరిగాక ఎవరైనా ఒక కార్డు తిప్పితే, బేసి వచ్చిన రెండు వరసలు కలిసేచోట దొరికిపోతుంది. డేటాలో దొర్లిన తప్పు పట్టడానికీ ఇదే కిటుకు. తర్వాతి పీరియడు దాకా రహస్యం విప్పరు గనక అప్పటివరకు సారుకు మంత్రాలొచ్చని ఊళ్లో వాడుక.

పదో తరగతి పబ్లిక్ పరీక్షల్లో కంప్యూటరుకు పేపరు లేదు. సంక్రాంతి దాటగానే ఈ పీరియడు లెక్కల సారు తీసేసుకుంటారు. చాలా బళ్లలో ఆ లెక్కల సారూ ఈయనే.