కొండ ఎక్కని జీపు

రాయవేలూరు మీద పాతకాలపు ఎకసెక్కం ఒకటుంది: రాజు లేని కోట, దేవుడు లేని గుడి, నీళ్లు లేని ఏరు, చెట్టు లేని కొండ. ఇందులో దేవుడి పద్దు 1981లో కొట్టుడుపోయింది. కోటలోని జలకంఠేశ్వరాలయంలో లింగాన్ని తిరిగి ప్రతిష్ఠించారు. ఏటి పద్దును 2021 నవంబరులో పాలారే స్వయంగా కొట్టేసింది. ఒడ్లు తెంచుకుని ఊళ్ల మీదికొచ్చి మరీ తన నీళ్లు చూపించి పోయింది. ఇంత పేరున్న జాబితా చిక్కిపోవడం ఊరికి మర్యాద కాదు కదా. అందుకని నా వంతుగా ఒకటి చేరుస్తున్నాను: కొండ ఎక్కని జీపు.

జీపు అంటే ఓనర్లు నొచ్చుకుంటారు. ఎస్‌యూవీ అనాలట. అలాగే అందాం. కాట్పాడి నుంచి గుడియాత్తం దాకా ఏ వీధిలో చూసినా అది ఎత్తుగా, గుమ్మానికి అడ్డంగా, వీపున ఒక చక్రం మోసుకుంటూ నిలబడే ఉంటుంది. "ఎట్లుందన్నా బండి?" అన్నారా, ఇక మీకు ఆ పూట వేరే పని లేదు. "రఫ్ అండ్ టఫ్ అప్పా! ఎట్లాంటి దారి కానీ, ఎక్కేస్తుంది" అంటాడు. ఎక్కడ ఎక్కిందని మాత్రం అడక్కూడదు. మొండికేసి అడిగితే తేలేది ఏలగిరి కొండ. నున్నటి తారు రోడ్డు, పద్నాలుగు హెయిర్‌పిన్ మలుపులు. అదే దారిన సర్కారు బస్సు కోళ్లగంపలతో, కాలేజీ పిల్లలతో రోజూ ఎక్కి దిగుతూనే ఉంది. పైకెళ్లాక ఆ డ్రైవరు టీ తాగుతాడు గానీ బస్సు పక్కన చేతులు కట్టుకుని ఫొటో దిగడు.

చవకలో గట్టి బండి అన్న ముచ్చట మన ప్రాంతానికి పట్టుకున్నది 2012 జూలైలో, రెనో డస్టర్ వచ్చినప్పుడు. పుట్టింది రొమేనియాలో, డాసియా అనే కంపెనీ పేరున. పొలం గట్లూ మంచు దారులూ తిరిగే మనుషుల కోసం హంగులు తగ్గించి, ధర తగ్గించి చేసిన బండి. మనకు మాత్రం రెనో బిళ్ల తగిలించుకుని ఒరగడం ఫ్యాక్టరీ నుంచి వచ్చింది. ఒరగడం అంటే వేలూరు నుంచి చెన్నై పోయే దారిలో కాస్త పక్కకు తిరిగితే వచ్చే ఊరే. కాబట్టి ఫ్రాన్సు బండి అనుకుని కొన్నవాళ్లకు కాంచీపురం పక్కింటి సంబంధం దొరికింది. ధర 7 లక్షల 19 వేల నుంచి మొదలు. మరుసటి ఏడాదికి దేశంలో మేటి కారని బహుమతి కూడా కొట్టేసింది. చెప్పొచ్చేదేమంటే, ఇక్కడికొచ్చిన ఆ బండికి నాలుగు చక్రాలకూ ఇంజను ఊపు అందే ఏర్పాటే లేదు. ముందు రెండు చక్రాలే లాగేవి, మన ఇళ్లల్లో ఉండే చిన్న కార్ల మాదిరిగానే. నాలుగు చక్రాల రకం 2014లో గానీ రాలేదు. ఆ రెండేళ్లూ "ఎట్లాంటి దారి కానీ" అన్న పాటలో ఒక్క చరణం కూడా తగ్గలేదు. లేని గుణాన్ని ఇంత నిష్ఠగా పొగిడిన భక్తులను ఆళ్వార్లలో కూడా వెతకాలి.

పైగా అవి డీజిలు రోజులు. రైతు మోటారుకూ, లారీకీ అని సర్కారు డీజిలు ధరను తొక్కిపట్టి ఉంచింది. పెట్రోలుకూ డీజిలుకూ లీటరుకు బాగా తేడా. ఆ తేడా 2014 అక్టోబరులో నియంత్రణ ఎత్తేసేదాకా రైతు బావి దగ్గర ఎంత ఆగిందో గానీ, ఎస్‌యూవీ ట్యాంకులో మాత్రం గలగలా పారింది. రైతు పేరు చెప్పుకుని తోలినందుకైనా ఒక్కసారి పొలంలో దించి ఉండాల్సింది.

మైలేజీ దగ్గరికి వద్దాం. ఇది లెక్కల శాస్త్రం కాదు, బంధుత్వాల శాస్త్రం. ఇంట్లో ఆమెకు చెప్పే మైలేజీ ఒకటి, బావమరిదికి చెప్పేది ఒకటి, బండి అమ్మేనాడు చెప్పేది ఇంకొకటి. బావమరిది మారుతీ కొని ఉంటే అది ఇంకో రెండు పెరుగుతుంది. చిత్తూరు, పలమనేరు నుంచి వచ్చేవాళ్ల లెక్క మరీ సొగసు. ఆంధ్రాలో అమ్మకం పన్ను ఎక్కువ కాబట్టి సరిహద్దు దాటి, పరదరామి వైపు దిగి తమిళనాడు బంకులో ట్యాంకు నింపుతారు. లీటరుకు మిగిలిన రూపాయలు ఉత్సాహంగా చెబుతారు. ఆ రూపాయల కోసం పోనూ రానూ తాగించిన డీజిలు మాత్రం ఏ రాష్ట్రం ఖాతాలోనూ పడదు. చమురు మిగిల్చుకోవడానికి చమురు కాల్చే ఈ యాత్రకు బండి ఎంత ఎత్తుంటే అంత గౌరవం.

ఇంతకీ ఎస్‌యూవీ అంటే ఏమిటి? ఓనరును అడిగితే గుండె మీద చెయ్యేసుకుంటాడు. సర్కారును అడిగితే టేపు తీస్తుంది. నాలుగు మీటర్లు దాటిన పొడవు, 1500 సీసీ దాటిన ఇంజను, నేలకూ బండి కడుపుకూ మధ్య 170 మిల్లీమీటర్ల సందు. ఆ సందును ఖాళీ బండిలో కొలవాలా, మనుషులు కూర్చున్నాక కొలవాలా అన్న ధర్మసందేహం రాగా 2023 జూలైలో జీఎస్టీ కౌన్సిల్ కూర్చుని, ఖాళీ బండిలోనే అని తేల్చింది. ఈ గీతలు దాటితే పన్ను ఎక్కువ. ఇక మహీంద్రా బొలెరో సంగతి. 2000లో పుట్టిన కాడి నుంచి నాలుగు మీటర్లు దాటే ఉండేది. 2016లో బంపర్లు కురచ చేసి, ఇంజనును 1500 సీసీ లోపలికి దించి, పొడవు 3995 మిల్లీమీటర్లకు తెచ్చారు. గీతకు అయిదు మిల్లీమీటర్లు ఇవతల. పన్ను తగ్గింది. అప్పటి నుంచి ఊరి దృష్టిలో అది కొండలు పిండి చేసే మొనగాడు, పన్నుల ఆఫీసు దృష్టిలో చిన్న కారు. ఓనరుకు రెండూ కావాలి. మీసం మెలేయడానికి మొదటిది, ఇన్‌వాయిసు మీద రెండోది. తప్పేముంది, మనలో ఎంతమంది ఊళ్లో పెద్దమనిషీ రేషను షాపులో నిరుపేదా కారు?

చవక అన్న మాటకూ ఇక్కడే ఒక దండం. గుడియాత్తంలో వెయ్యి బీడీలు చుడితే ఇంత, ఇన్ని అగ్గిపెట్టెలు నింపితే ఇంత అని లెక్కగట్టే ఇళ్లు వీధికి పది ఉంటాయి. ఆ వీధిలోనే ఓనరు, ఆ ఇళ్ల గుమ్మాల వెలుతురు మూసేస్తూ పది లక్షల బండి ఆపి, "చవకలో వచ్చింది" అంటాడు.

ఇప్పుడు బీఎస్6 అనే పొగ నిబంధన తెచ్చిన వేదన వినండి. 2020 ఏప్రిల్ నుంచి డీజిలు బండ్లకు మసిని పట్టే జల్లెడ ఒకటి బిగిస్తున్నారు. ఊళ్లో రెండు కిలోమీటర్లు పోయి, కూరగాయలు కొని, మళ్లీ రెండు కిలోమీటర్లు వస్తే అది వేడెక్కదు. మసి కాలదు. పేరుకుంటుంది. మీటరు మీద పసుపు దీపం వెలుగుతుంది. షెడ్డులో ఏం చెబుతారంటే, సార్, హైవే ఎక్కించి ఇరవై నిమిషాలు ఒకే వేగంలో తోలండి, అదే కాలిపోతుంది అని. మరి ఓనరు ఏం చేస్తాడు? గుడియాత్తం నుంచి పళ్లికొండ దగ్గర హైవే ఎక్కి, ఆంబూరు దాకా పోతాడు. అంత దూరం పోయినవాడు బిర్యానీ తినకుండా రాడు కదా. ఇంటికొచ్చి, "మసి కాల్చడానికి పోయినా" అని డాక్టరు చీటీ చూపించినట్టు చెబుతాడు. కొండల కోసం కొన్న బండికి ఊరి బజారు పడక జబ్బు చేయడం, ఆ జబ్బుకు ఆంబూరులో పథ్యం దొరకడం చరకుడికి తట్టని వైద్యం. ఈ మాట అంటే ఓనరుకు కోపమొచ్చింది. బిర్యానీ డబ్బు మాత్రం మైలేజీ లెక్కలో వేయలేదు.

అన్నిటికన్నా నన్ను భయపెట్టేది ఇనుము మీద వీళ్ల నమ్మకం. "మొన్న ఒకడు గుద్దినాడు. వాడి కారు నుజ్జు. మనదానికి గీత పడలే" అని బంపరు మీద తట్టి చూపిస్తారు. బంపరు నలగలేదంటే ఆ దెబ్బ ఆవిరైపోయిందని కాదు. నలగాల్సిన ముందు భాగం నలగకపోతే, అది నేరుగా లోపల కూర్చున్నవాడి పక్కటెముకల్ని వెతుక్కుంటూ వస్తుంది. నేటి కార్ల ముక్కు నలిగిపోయేలా చేసేదే అందుకు. 2024లో గ్లోబల్ ఎన్‌క్యాప్ వాళ్లు బొలెరో నియోను గుద్దించి చూసి పెద్దలకు ఒక్క చుక్క, పిల్లలకు ఒక్క చుక్క ఇచ్చారు, అయిదింటికి. ఓనర్ల స్పందన ఘనమైనది: "అది వాళ్ల గోడప్పా. మన గోడలు వేరే." చాలక, ముందు ఇంకో ఇనుప కటకటా బిగిస్తారు. బంపర్ గార్డులు చట్టవిరుద్ధమని, తీయించండని కేంద్ర రవాణా శాఖ 2017 డిసెంబరులోనే రాష్ట్రాలకు రాసింది. ఎదురుగా నడిచేవాడిని అవి చంపుతాయి, లోపల ఎయిర్‌బ్యాగు విచ్చుకోవాల్సిన క్షణాన్ని చెడగొడతాయి. కానీ ఆ కటకటా మీద పార్టీ జెండా ఉంటుంది, జెండా వెనక అద్దం మీద ప్రెస్సో అడ్వకేటో ఉంటుంది, ఆ రెండిటి వెనక ఎవరుంటారో తెలియకుండా నల్ల ఫిల్ము ఉంటుంది. సుప్రీంకోర్టు ఆ ఫిల్మును కాదన్నది 2012లో. రవాణా శాఖ ఉత్తరం ఏ అద్దంలోంచి చదవాలి?

బండికి నిజంగా పరీక్ష పెట్టగలిగింది వేలూరు స్మార్ట్ సిటీ ఒక్కటే. 2022లో బజారు పక్క వీధిలో రాత్రికి రాత్రి సిమెంటు రోడ్డు పోస్తూ, అక్కడ ఆపి ఉన్న మోటారు సైకిలును జరిపే ఓపిక లేక చక్రాలతో సహా సిమెంటులో కలిపేశారు. దేశమంతా ఆ ఫొటో చూసి నవ్వింది. ఇలాంటి గుత్తేదార్లున్న చోట 170 మిల్లీమీటర్లు ఏం సరిపోతాయి? ఇక సీఎంసీ ఆసుపత్రి ముందున్న ఐడా స్కడర్ రోడ్డు. బెంగాలు నుంచి, ఈశాన్యం నుంచి వచ్చిన రోగులు ఎక్స్‌రే కవర్లు చంకన పెట్టుకుని ఆటోల సందుల్లోంచి దాటుతుంటారు. వాళ్ల మధ్య ఏడు సీట్ల బండిలో ఒక్కడే కూర్చుని హారన్ మీద చెయ్యి తీయనివాడిని చూడాలి. గ్రీన్ సర్కిల్ దగ్గర అరగంట కదలకుండా ఉండి, "పైన కూర్చుంటే ట్రాఫిక్కంతా భలే కనిపిస్తుందన్నా" అంటాడు. నిజమే. తనవల్ల ఆగినదంతా కనిపిస్తుంది.

ఆ ట్రాఫిక్కులోనే, వాడి కంటికి ఆననంత కింద, టీవీఎస్ ఎక్సెల్ ఒకటి పోతుంటుంది. ఇంజను వంద సీసీకి కూడా కొంచెం తక్కువ. వెనక గుడియాత్తం లుంగీల మూట మనిషంత ఎత్తు, ముందు కాళ్ల దగ్గర బియ్యం బస్తా, బస్తా మీద స్కూలు పిల్ల. కౌండిన్య ఏటి ఇసుకలో దిగేది, పేర్ణాంబట్టు వైపు రాళ్ల దారుల్లో తిరిగేది, పోలీసు చెయ్యెత్తితే ఆగేది అదే. ఒక టీ అంగడి దగ్గర దాన్ని తోలే పెద్దాయన్ని అడిగాను, బండి ఎట్లుంటుందయ్యా అని. "బండికేముంది సార్, మూట జారకుండా చూస్కోవాల" అని తాడు బిగించుకుని పోయాడు. అంతకుమించి రాబట్టలేకపోయాను.

ఎస్‌యూవీ ఓనరుతో ఆ ఇబ్బంది లేదు. ఏడేళ్ల అప్పు, 84 వాయిదాలు. ఆ 84 నెలలూ బండిలో లోపం ఉండదు. ఉన్నదంటే ఏడేళ్లు తప్పు కట్టినట్టవుతుంది. క్లచ్ గట్టిగా ఉంటే "కాలికి వ్యాయామం". వెనక సీటులో అత్తగారి తల పైకప్పుకు తగిలితే "సస్పెన్షన్ గట్టిది". మూడో వరసలో మోకాళ్లు గడ్డానికి ఆనితే "పిల్లలకే కదా". వాయిదాలు ముగిశాక అమ్మకానికి పెడతాడు, అప్పుడు బయటికొస్తుంది వేలూరు మార్కెట్టు మహామంత్రం: సింగిల్ ఓనరు, డాక్టరు వాడిన బండి. ఈ ఊళ్లో అమ్మకానికొచ్చే ప్రతి బండీ డాక్టరు వాడినదే. సీఎంసీలో డాక్టర్లంతా ఆపరేషన్లు మానేసి పగలూ రాత్రీ స్టీరింగు పట్టుకున్నా ఇన్ని బండ్లు తోలలేరు. బేరం కుదురుతుంది, ఆర్సీ మారుతుంది. ఆ వారంలోనే పాత ఓనరు ఇంకో కొత్త బండి తాళాలు వేలికి తిప్పుకుంటూ బజారులో కనిపిస్తాడు. పాతదాని సంగతి ఎత్తితే చాలు, "అదొక బండేనా అప్పా! నడుము విరిగిపోయింది" అంటాడు. 84 నెలలుగా విరుగుతున్న ఆ నడుము గురించి ఆయన నోటి వెంట మాట రావడం అదే మొదటిసారి.