బస్సు తొమ్మిదింటికే

జర్మనీలో చదువుకునే తెలుగు విద్యార్థికి ప్యారిస్ మీద ప్రేమ యూనివర్సిటీ నోటీసు బోర్డు దగ్గర పుడుతుంది. అక్కడ అంటించిన ప్యారిస్ యాత్ర పోస్టర్ చెప్పేదిదీ: రాత్రి బస్సెక్కిస్తారు, తెల్లారేసరికి ప్యారిస్‌లో దింపుతారు, పగలంతా తిప్పుతారు, రాత్రికి మళ్లీ బస్సెక్కిస్తారు. హోటల్ ఖర్చు లేదు. ఈ చివరి ముక్క చదవగానే ఆఖెన్‌లో ఉన్న మనవాళ్లంతా పేర్లిచ్చేశారు. ప్యారిస్‌లో ఏముందన్నది తర్వాత యూట్యూబ్‌లో చూసుకున్నారు. బోర్డు మీది పోస్టర్‌లో ఈఫిల్ టవర్ చీకట్లో ధగధగా మెరుస్తోంది. దాని సంగతి చివర్లో చెబుతాను.

బస్సులో బ్రెజిల్, ఇరాన్, చైనా, మెక్సికో అన్నీ ఉన్నాయి. వెనక వరసలు మాత్రం మనవి. బయలుదేరే ముందు డ్రైవరు మైకు తీసుకుని, "తిరుగు ప్రయాణం రాత్రి తొమ్మిదింటికి" అన్నాడు. తొమ్మిదంటే తొమ్మిదిన్నర అనే మేమంతా అర్థం చేసుకున్నాం. కానీ అక్కడ అది డ్రైవరు చేతిలో పని కాదు. నాలుగున్నర గంటలు బండి నడిపితే 45 నిమిషాలు ఆపాల్సిందేనని యూరోపియన్ యూనియన్ చట్టం. ఎంతసేపు నడిపాడో, ఎంతసేపు ఆగాడో బస్సులోని టాకోగ్రాఫ్ రాసిపెట్టుకుంటుంది. చెయ్యెత్తి ఆర్టీసీ బస్సు ఆపిన అలవాటున్న మాకు, బతిమాలడానికి వీల్లేని బస్సెక్కడం అదే మొదలు.

పొద్దున్నే నోత్రదామ్ చర్చిని బయట నుంచి చూపించి, సేన్ నది ఒడ్డున నడిపించి, మమ్మల్ని లూవ్ర్ మ్యూజియం ముందు నిలబెట్టారు. యూరోపియన్ యూనియన్ దేశాల్లో నివాసం ఉండి, 26 నిండకపోతే అక్కడ ప్రవేశం ఉచితం. నిండితే 22 యూరోలు. పుట్టినతేదీ ఉన్న కార్డు చూపించాలి. మా గుంపులో అసలు వయసులు బయటపడింది ఇక్కడే.

భీమవరం అన్న నాలుగేళ్లు ఉద్యోగం చేసి చదువుకొచ్చిన మనిషి. వాళ్లమ్మ లెక్కలో ఆయనకు 27. కానీ బళ్లో చేర్చుకున్న రోజే హెడ్మాస్టరు గారు, రేపు గవర్నమెంటు ఉద్యోగం వస్తే పనికొస్తుందని రెండేళ్లు తగ్గించి రాశారట. ఉద్యోగం రాలేదు. ఆ దూరదృష్టి లూవ్ర్ గుమ్మంలో ఫలించింది. వరంగల్ తమ్ముడి కథ దీనికి తిరగేసినట్టు. ఐదేళ్లు నిండలేదంటే బళ్లో చేర్చుకోరని ఇంట్లోవాళ్లు ఏడాది పెంచి రాయించారు. "నాకు నిజంగ ఇరవై ఐదే అన్నా" అని మాతో మొరపెట్టుకుంటూనే 22 యూరోలు కట్టాడు.

తర్వాత గండం స్కానర్. గుంటూరు అమ్మాయి బ్యాగులోని స్టీలు డబ్బా తెర మీద నల్లగా, గుండ్రంగా, అనుమానంగా కనబడింది. సెక్యూరిటీ ఆవిడ మూత తియ్యమంది. తియ్యగానే ఇంగువ ఘాటు క్యూలో ఆ చివరిదాకా పోయింది. ఆవిడ వంగి చూసి, పసుపుపచ్చటి మెతుకుల మీద తేలిన ఎండుమిరపకాయను వేలితో చూపించి ఫ్రెంచిలో ఏదో అడిగింది. "పులిహోర మేడమ్, వెజిటేరియన్" అంది మనమ్మాయి. మిరపకాయ గురించి ఆవిడకేం అర్థమైందో గాని, లోపల తినొద్దని సైగ చేసి వదిలేసింది.

బ్యాగులన్నీ పొట్ట మీదికి తగిలించుకున్నాం. అదేమీ మా చాదస్తం కాదు. జేబుదొంగల బాధ పడలేక 2013 ఏప్రిల్‌లో లూవ్ర్ సిబ్బందే పని ఆపేసి, ఒకరోజు మ్యూజియం మూసేశారు.

మోనాలిసా నిలువు 77 సెంటీమీటర్లు, అడ్డం 53. ఆమె గదిలో మేం చూసింది ముఖ్యంగా ఫోన్లు. ముందువాడి ఫోన్లో మోనాలిసా, వాడి వెనకవాడి ఫోన్లో ముందువాడి ఫోను. తోపులాటలో ముందుకొచ్చి, ఆమెకు వీపు పెట్టి సెల్ఫీ తీసుకుని పక్కకు పోవాలి. అలా వీపు తిప్పినప్పుడే ఎదురు గోడ కనబడింది. వెరొనీజ్ 1563లో పూర్తిచేసిన 'కానా పెళ్లి'. ఎత్తు 6.77 మీటర్లు, వెడల్పు 9.94. హైదరాబాద్ లెక్కలో ఎనభై గజాల ప్లాటంత బొమ్మ! లూవ్ర్‌లో ఇంతకన్నా పెద్ద చిత్రం లేదు. వెనిస్‌లో సన్యాసుల భోజనశాల కోసం గీస్తే, 1797లో నెపోలియన్ సైన్యం పట్టుకొచ్చేసింది. వందమందికి పైగా అతిథులు, వాద్యాలు, వడ్డన, కుక్కలు... అంత పెళ్లిభోజనం నడుస్తుంటే జనమంతా వీపు తిప్పి ఒకావిడ ముఖం కోసం కొట్టుకుంటున్నారు. నా మటుకు నాకు ఆ రోజు ప్యారిస్‌లో చూసినవాటిలో గొప్పది ఈ బొమ్మే. ఇంకాసేపు నిలబడేదాన్నే, జెండా కదిలింది.

జెండా మా యాత్ర నడిపిస్తున్న వలంటీరు అమ్మాయిది. ఆ పిల్ల ప్యారిస్‌లో ఏమీ చూసినట్టు లేదు. పొద్దుటి నుంచి మా తలలే లెక్కపెట్టింది.

పులిహోర ఈఫిల్ టవర్ ఎదుటి పచ్చిక మీద విప్పాం. ఆ తర్వాత రెండో అంతస్తుకు 674 మెట్లు. ఎక్కినవాళ్లు ఎక్కారు, పులిహోర ఎక్కువైనవాళ్లు కింద పడుకున్నారు.

తొమ్మిదికి ఐదు నిమిషాలు ఉందనగా బస్సులో లేనిది ఒక్కరే. వలంటీరు అమ్మాయి. తెలుగువాళ్లు ఎప్పటిలాగే ఆలస్యం చేస్తారని మమ్మల్ని వెతుక్కుంటూ వెళ్లింది. మేమేమో టాకోగ్రాఫ్ భయంతో ఎనిమిదిన్నరకే ఎక్కి కూర్చున్నాం. పాపం, పరుగెత్తుకుంటూ వచ్చి ఎక్కింది. తొమ్మిది కొట్టగానే బస్సు కదిలింది.

బయట ఎండ ఇంకా పోలేదు. చీకటి పడ్డాక గంటకోసారి ఐదేసి నిమిషాల పాటు ఈఫిల్ టవర్ మీద 20,000 బల్బులు మిణుకుమిణుకుమంటాయి. పోస్టర్‌లో చూపించింది ఆ ముచ్చటే. కానీ జూన్‌లో ప్యారిస్‌లో పొద్దుగూకేది రాత్రి పదింటికి!

అందుకని వెళ్లే పిల్లలకు చెబుతున్నాను. డిసెంబరులో వెళ్లండి, అక్కడ సాయంత్రం ఐదింటికల్లా సూర్యుడు దిగిపోతాడు. సర్టిఫికెట్ ప్రకారం 26 నిండకముందే వెళ్లండి.