గిన్నెడు ఉప్పు, గిన్నెడు కారం

మామిడికాయ ముక్కలు నాలుగు గిన్నెలైతే ఉప్పు ఒక గిన్నె, కారం ఒక గిన్నె, ఆవపిండి ఒక గిన్నె. మా ఇంట్లో ఆవకాయ శాస్త్రమంతా ఇంతే. ఏ గిన్నె అని ఎవరూ అడగరు. అన్నిటికీ అదే గిన్నె వాడినంతకాలం అది సత్తుదైనా వెండిదైనా ఊరగాయకి పట్టింపు లేదు.

డాలస్‌లో ఉన్న మా మేనకోడలికి మాత్రం పట్టింపే. దాని వంటింట్లో డిజిటల్ కాటా ఉంది. నాలుగు ఆవగింజలు రాలినా అంకె మారుతుందట. "మూడూ సమానమే కదా అత్తయ్యా" అని ఉప్పు 200 గ్రాములు, కారం 200, ఆవపిండి 200 తూచి కలిపేసింది. మూడోరోజు ఫోను. మొదటి ముద్దకే అల్లుడి చెవుల్లోంచి పొగలొచ్చాయిట. ఉప్పు ఎక్కడుందో మాత్రం భూతద్దం పెట్టి వెతకాలిట.

ఎందుకు రావు పొగలు! ఉప్పు బరువైన సరుకు. 240 మిల్లీలీటర్ల కప్పుడు మెత్తటి ఉప్పు దాదాపు 290 గ్రాములు తూగుతుంది. కారం అందులో సగం కూడా తూగదు. ఆవపిండీ ఆ బాపతే. అంటే గిన్నెడు ఉప్పుకి రెండు గిన్నెల పైచిలుకు కారం పడిందన్నమాట. కళ్ళుప్పయితే లెక్క మళ్ళీ మారుతుంది, పలుకుల మధ్య గాలి కూడా గిన్నెలో వాటా అడుగుతుంది కనక.

"అయితే కప్పుల్లోనే రాసుకుంటా" అంది. ఏ కప్పు? రైస్ కుక్కర్‌తో వచ్చేది 180 మిల్లీలీటర్లు, జపానువాళ్ళ పాత బియ్యపు కొలత. అమెరికా కప్పు 240. చెంచాలూ తక్కువ తినలేదు: టేబుల్ స్పూను అమెరికాలో 15 మిల్లీలీటర్లు, ఆస్ట్రేలియాలో 20. ఇక మైదా సంగతి చెప్పక్కర్లేదు. జల్లించి వదులుగా పోస్తే కప్పుకి 120 గ్రాముల లోపే. సంచిలో కప్పు పెట్టి కుమ్మితే 150 దాకా. ఈ గోల పడలేకే కాబోలు, 1896లో బోస్టన్‌లో ఫానీ ఫార్మర్ అనే ఆవిడ తన వంటపుస్తకంలో కప్పు నిండాక పైన కత్తితో గీసి చదును చేయమంది. మన ధాన్యం కొలిచేవాళ్ళు ఆ పని అరచేత్తో చేసేవారు, అదీ అమ్మేటప్పుడు. కొనేటప్పుడు కుంచం మీద గోపురం లేచేది. పైగా మొదటి కుంచాన్ని ఒకటి అనకుండా "లాభం" అని లెక్కపెట్టేవారు. ఎవరికో కొలిచే చేతికే తెలియాలి.

మా అమ్మమ్మకి ఈ చిక్కులేవీ లేవు. నాలుగు గిద్దెలు సోల, రెండు సోలలు తవ్వ, రెండు తవ్వలు మానిక, నాలుగు మానికలు కుంచం. బియ్యం, పప్పు, పిండి అన్నీ ఇందులోనే. తూకమంటే బెల్లానికీ చింతపండుకీ వీశె, బంగారానికి తులం. ఒకదాని వ్యవహారంలో ఇంకోటి తలదూర్చేది కాదు. ఇప్పుడు కొట్లో అన్నీ కిలోలు, వంటింట్లో అన్నీ గ్లాసులు, మధ్యలో నేను.

చివరికి మా గిన్నెతో ఒక్కొక్కటీ కొలిచి, తూచి, అంకెలు పంపాను.

"మరి ముక్కలో?" అంది.

ముక్కల తూకం ఏం చెప్పను? పెద్దవి కొడితే గిన్నెలో సందులే ఎక్కువ, చిన్నవి కొడితే కిక్కిరిసి కూచుంటాయి.

"అయితే ముక్క ఎన్ని సెంటీమీటర్లుండాలి అత్తయ్యా?"

"ముక్కకి టెంక అంటుకుని ఉండాలే తల్లీ. సెంటీమీటర్లు మీ మావయ్యనడుగు, టేపు ఆయన దగ్గరుంది."