కళాకారుణ్ణి తయారుచేయు విధానం

కావలసినవి: ఆరేళ్లు దాటి పదేళ్లు దాటని బిడ్డ, ఒకరు. బడి వదిలిన దగ్గర్నుంచి అన్నం తినేదాకా సాయంత్రం, మొత్తం. దింపి తీసుకురావడానికి స్కూటీ ఉన్న పెద్దమనిషి. ఫోన్లో జాగా, ఎంతుంటే అంత. కళ, రుచికి సరిపడా.

ముందుగా సాయంత్రాన్ని శుభ్రం చేసుకోవాలి. పిల్ల బడి నుంచి వచ్చి, బ్యాగు సోఫా మీదికి విసిరి, ఒక కాలి సాక్సు విప్పి రెండోది మరిచిపోయి, కిటికీ దగ్గర నిలబడి వచ్చేపోయేవాళ్లను చూస్తోందనుకోండి. అది మహా ప్రమాదం. ఆ పిల్ల ఏమీ చెయ్యడం లేదు! పక్క ఫ్లాటు పిల్లవాడు ఈపాటికి కీబోర్డు క్లాసులో ఉంటాడు. ఎదురు ఫ్లాటు కవలల్లో ఒకరు కూచిపూడికి, ఒకరు కరాటేకి వెళ్లిపోయారు. వెంటనే కాగితం తీసి రాసుకోండి. సోమ, బుధ డ్రాయింగు. మంగళ, గురు సంగీతం. శుక్ర, శని డాన్సు. ఆదివారం పొద్దున క్లే మోడలింగు. మధ్యాహ్నం మాత్రం వదిలెయ్యండి, ఎవరిదో ఒకరి పుట్టినరోజు ఉంటుంది.

ఏ కళ నేర్పించాలో బిడ్డను అడగొద్దు. గూగుల్ మ్యాప్స్‌ను అడగండి. ఇంటికి కిలోమీటరు లోపు, బండి ఆపుకోవడానికి చోటున్న కళే బిడ్డకు అబ్బుతుంది. మా కాలనీలో మృదంగం నేర్చుకునే పిల్లలు ఒక్కరూ లేరు. సంప్రదాయం అంతరించిపోయి కాదు. మృదంగం మేష్టారు ఫ్లైఓవర్ అవతల ఉంటారు.

బడి టైమ్‌టేబుల్లో డ్రాయింగు పీరియడ్ ఉంటుంది. సిలబస్ కాలేదని లెక్కల సారు దాన్ని పట్టుకుపోతారు. గొడవ పెట్టుకోకండి. పేరెంట్స్ మీటింగులో ఆ సారునే లెక్కల్లో మార్కులు ఎందుకు తగ్గాయని నిలదియ్యండి. పోయిన పీరియడ్‌ను నెలకు 2,000 రూపాయలు పోసి సాయంత్రం బయట కొనుక్కోండి.

సంగీతం టీచరుగారిని పదిహేను రోజులకోసారి ఒకే ప్రశ్న అడగాలి: "పాట ఎప్పుడు మొదలుపెడతారు మేడమ్?" పురందరదాసు ఏర్పరచినట్టు చెప్పే వరస ప్రకారం ముందు మాయామాళవగౌళలో సరళీ స్వరాలు, తర్వాత జంట స్వరాలు, ఆ పైన ఏడు తాళాల్లో అలంకారాలు, అవన్నీ మూడు కాలాల్లో. అప్పుడు గానీ మలహరి రాగంలో పిళ్లారి గీతాలు రావు. అయిదు వందల ఏళ్ల నాడు వాళ్లకు తీరిక ఉంది కాబట్టి సరిపోయింది. మనకు వినాయక చవితి వచ్చేస్తోంది. సెల్లార్లో పందిరి వేస్తారు, మైకు పెడతారు, అందులో మన పిల్ల సరిగమపదనిస అంటే బాగుంటుందా? మూడోసారి అడిగేసరికి ఎంతటి టీచరైనా మెత్తబడతారు. స్వరాలు పక్కన పెట్టి అన్నమయ్య కీర్తన ఒకటి బట్టీ పట్టించేస్తారు. శ్రుతి సంగతి అడక్కండి, దానికి కరావోకే ట్రాక్ ఉంది.

ఇంకో ఏడాదికి టీవీ పాటల పోటీ. 'పాడుతా తీయగా' 1996లో మొదలైన దగ్గర్నుంచి తెలుగు ఇళ్లల్లో పిల్ల కూనిరాగం తీస్తే ముందు వినబడేది సెలక్షన్స్ అన్న మాట. ఆ కార్యక్రమాన్ని అంతకాలం నడిపిన బాలసుబ్రహ్మణ్యంగారు తాను శాస్త్రీయంగా సంగీతం నేర్చుకోలేదని ఎన్నోసార్లు చెప్పారు. చదువుకోవడానికి వెళ్లింది అనంతపురం ఇంజినీరింగు కాలేజీకి. తర్వాత 'శంకరాభరణం' పాటలకు జాతీయ అవార్డు తెచ్చుకున్నారు. ఈ సంగతి పిల్లలకు తెలియనివ్వకండి, ఫీజు కట్టేశాం.

డ్రాయింగు క్లాసు దగ్గర మాత్రం కాస్త ఆగి చెప్పాలి. మన ప్రతిభ పూర్తిగా బయటపడేది అక్కడే.

మా వీధిలో ఈ క్లాసు ఒక మేడ మీద రేకుల షెడ్డులో జరుగుతుంది. కింద పట్టా పరిచి ఉంటుంది. ఇరవై మంది పిల్లలు, ఒక్కొక్కరి ముందూ అట్ట, క్లిప్పు, ఆయిల్ పేస్టల్స్ డబ్బా. సారు బోర్డు మీద రెండు కొండలు గీస్తారు. మధ్యలో సగం సూర్యుడు. కిందికి వంకరగా ఒక ఏరు, ఏటి పక్కన పెంకుటిల్లు, ఇంటి పక్కన కొబ్బరిచెట్టు. ఆకాశంలో నాలుగు టిక్కు మార్కులు, అవి పక్షులు. కూకట్‌పల్లిలో పుట్టి పెరిగిన ఈ ఇరవై మందిలో ఏటి ఒడ్డున ఉండేవాళ్లు లేరు, పెంకుటింట్లో ఉండేవాళ్లు లేరు. సూర్యోదయం చూసినవాళ్లు అసలే లేరు, అంత పొద్దున ఎవరూ లేవరు.

సారు చేతకాక ఇలా వెయ్యడం లేదు. మాసాబ్‌ట్యాంక్‌లో ఫైన్ ఆర్ట్స్ చదివారు. సొంత బొమ్మలు ఓసారి ఫోన్లో చూపించారు: బస్టాపులో మూటలకు ఆనుకుని నిద్రపోతున్న కూలీలు, బొగ్గుతో వేసినవి. క్లాసు పెట్టిన మొదటి నెల పిల్లల్ని ఇష్టం వచ్చింది వేసుకోమన్నారు. మా అమ్మాయి కాగితం నిండా కాళ్లు వేసింది. కాళ్లే. చెప్పుల కాళ్లు, ఉత్త కాళ్లు, మెట్టెలున్న కాళ్లు, బూట్ల పక్కన డెలివరీ సంచీ అడుగు, ఓ మూల గ్యాసు బండ అడుగు. వాటన్నిటి మీదుగా నిలువు గీతలు.

"మనుషులేరే?" అన్నాను.

"లిఫ్ట్ పైకి పోతుంటే ముందు కాళ్లే కనపడతాయి కదా నాన్నా!"

మా బిల్డింగుది పాత లిఫ్టు, చేత్తో లాగే గ్రిల్లు తలుపు. ఆ పిల్ల ఎత్తుకు ప్రతి అంతస్తూ కాళ్లతోనే మొదలవుతుంది. ఆ గీతలు గ్రిల్లు. నేను అందులో నాలుగేళ్లుగా ఎక్కి దిగుతున్నాను, ఫోను చూసుకుంటూ.

ఈలోగా నా వెనక నిలబడ్డ ఇంకో తండ్రి తన కొడుకు కాగితం గాల్లో ఊపుతూ, "గీతలు కొట్టుకొచ్చాడండీ. దీనికి క్లాసెందుకు, ఇంట్లో గోడలున్నాయిగా?" అన్నాడు. అందరం నవ్వాం. సారు కూడా నవ్వారు. రెండో నెల ముగ్గురు పిల్లలు మానేశారు. షెడ్డు అద్దె మానలేదు. మూడో నెల కొండలొచ్చాయి.

కొండలతో పాటు టచప్ వచ్చింది. క్లాసు ఆఖరి పావుగంట సారు ఒక్కో పిల్ల పక్కనే చతికిలబడి, ఏటికి తెల్లటి మెరుపు దిద్ది, కొండకు నీలం పూసి వేలితో రుద్ది లేస్తారు. ఏడున్నరకు గేటు దగ్గరికి ఇరవై బొమ్మలు దిగుతాయి, ఇరవయ్యీ ఒక్కటే. మనం అక్కడే ఫొటో తీసి స్టేటస్‌లో పెడతాం. ఇంటికెళ్లేలోగా బాబాయిలు, పిన్నులు, తణుకులో ఉన్న పెదనాన్నగారు "సూపర్ రా బంగారం" అని పెట్టేస్తారు. ఆ మెచ్చుకోలు ఎవరికి చెందుతుందో పిల్లకు తెలుసు. అడిగితే దాచదు కూడా: "ఏరు సారు వేశారు."

కాబట్టి సూచన ఏమిటంటే, గేటు దగ్గర బిడ్డ మొహం కంటే ముందు ఫైలు చూడండి. ఫైల్లో ఏదో ఒకటి ఉండితీరాలని సారుకు అర్థమైపోతే చాలు, తక్కినదంతా ఆయనే చూసుకుంటారు.

ఇక్కడ వెటకారం కాసేపు పక్కన పెడతాను. బడి మూడున్నరకు వదులుతుంది. ఆఫీసు వదిలేది ఏడుకు, ఆ పైన ట్రాఫిక్కు. అమ్మమ్మ ఊళ్లో ఉంది, మోకాళ్ల నొప్పులతో ఇంత దూరం రానంటుంది. కింద ఆడుకోవడానికి చోటు లేదు, సెల్లారంతా కార్లు. ఈ మధ్యలో పిల్ల ఎక్కడుండాలి? క్రెష్ అనడానికి మనకు నామోషీ. కూచిపూడి అంటే సంస్కృతి. మా బిల్డింగులో సగం మంది పిల్లల్ని కళాకారుల్ని చేసింది ట్రాఫిక్కే. సారుకు మనం ఇచ్చే డబ్బులో సగం బొమ్మకు, సగం పిల్లను కనిపెట్టుకుని ఉన్నందుకు. ఆ రెండో సగం సంగతి అటు ఆయనా ఎత్తరు, ఇటు మనమూ ఎత్తం. ఎత్తి ఉంటే, పిల్ల క్షేమంగా కూర్చుని కాళ్లు వేసుకుంది, చాలు అనుకుని తీసుకొచ్చేవాళ్లం. ఎత్తలేదు కాబట్టి, ఇచ్చిన ప్రతి రూపాయికీ చేతిలో సరుకు పడాలి.

సరే, మళ్లీ పనిలోకి వద్దాం.

డాన్సు క్లాసులో చేర్చిన ఏడాదిలోపు స్టేజీ ఎక్కించాలి. అడుగులు కుదిరాయా లేదా అన్నది గురువుగారి సమస్య. మీ సమస్య డ్రెస్సు అద్దె, మేకప్పు, సవరం. రవీంద్రభారతిలోనో త్యాగరాయ గానసభలోనో ఆరింటికి కార్యక్రమమైతే పిల్లలకు ఒంటిగంటకే మొహాన రంగు పడాలి. ఆ తర్వాత మంచినీళ్లు స్ట్రాతో. నవ్వకూడదు, ఏడవకూడదు, బాత్రూముకు అస్సలు వెళ్లకూడదు, ఆ పిన్నులన్నీ మళ్లీ ఎవరు పెడతారు? ముఖ్య అతిథి ఏడుంబావుకు వస్తారు. జ్యోతి ప్రజ్వలన, శాలువాలు, కళల ఆవశ్యకత మీద మూడు ఉపన్యాసాలు. మన పిల్ల అంశం వచ్చేసరికి తొమ్మిది దాటుతుంది, కళ్లకు పెట్టిన కాటుకలో నిద్ర కలిసిపోయి ఉంటుంది. ఆ నాలుగు నిమిషాలూ మీరు ఫోన్లోంచే చూడండి. ముందు వరసల వాళ్లందరూ ఫోన్లు ఎత్తి పట్టుకుంటారు కాబట్టి మీకు వచ్చే వీడియోలో వాళ్ల ఫోన్ల వీడియోలు వస్తాయి, ఒక్కోసారి అందులో మన పిల్ల మరింత బాగా కనిపిస్తుంది.

2016 డిసెంబరులో విజయవాడలో ఆరు వేల మందికి పైగా కలిసి కూచిపూడి ఆడి గిన్నిస్ రికార్డు సాధించారు. అలాంటి అవకాశం వస్తే వదలకండి. ఎవరు తప్పు వేశారో తెలియదు, సర్టిఫికెట్ మాత్రం ఫ్రేము కట్టించుకునేంత వస్తుంది.

బొమ్మలు నేర్పించండి గానీ చూపించకండి. సాలార్‌జంగ్ మ్యూజియానికి తీసుకెళ్తే గంట కొట్టే గడియారం, మేలిముసుగు రెబెక్కా, ఐస్‌క్రీము, ఇంటికి. రాజమండ్రి వెళ్తే గోదావరి స్నానం, రోజ్‌మిల్కు. ఇరవై ఎనిమిదేళ్లు నిండకుండానే 1925లో పోయిన దామెర్ల రామారావు వేసిన బొమ్మలు అదే ఊళ్లో గ్యాలరీలో ఉన్నాయి. కానీ అక్కడ కొండల మధ్య సూర్యుణ్ణి ఎక్కడని వెతుకుతాం?

పబ్లిక్ గార్డెన్స్‌లో జవహర్ బాలభవన్ ఉంది, ఫీజు నామమాత్రం. అంత తక్కువ ఫీజుకు కళ ఎలా అంటుతుంది, మీరే చెప్పండి.

అమెరికాలో ఉన్న తెలుగువాళ్లకు వేరే సూచనలు అక్కర్లేదు, మనకంటే ఆరితేరారు. డాలస్‌లో వేసవి సాయంత్రం ఏడింటికి పిల్ల ల్యాప్‌టాప్ ముందు కూర్చుంటుంది, ఇక్కడ గురువుగారు తెల్లవారుజామున అయిదున్నరకు తలంటుకుని బొట్టు పెట్టుకుని తాళం మొదలుపెడతారు. నెట్టు వల్ల తాళం అర సెకను ఆలస్యంగా చేరుతుంది. ఆ అర సెకనుకు అలవాటుపడిపోయిన పిల్లలు, సెలవుల్లో ఇక్కడికొచ్చి ఎదురుగా కూర్చుంటే తడబడతారట.

చుట్టాలొచ్చినప్పుడు "అత్తయ్యకు పాట పాడి వినిపించమ్మా" అనడం గురించి కొత్తగా చెప్పేదేముంది. టీవీ మ్యూట్ చెయ్యండి, ఆపకండి.

ఎప్పుడు మాన్పించాలన్నది ఆఖరి సంగతి, ఇందులో సందేహమే లేదు. ఆరో తరగతి. ఆ జూన్‌లో ఐఐటీ ఫౌండేషన్ మొదలవుతుంది, సాయంత్రాలు అటు పోతాయి. గజ్జెలు అటక మీదికి, రంగుల డబ్బా చెల్లెలికి. టీచరుగారితో "ఈ ఒక్క ఏడాదీ బ్రేక్ తీసుకుంటాం మేడమ్" అనండి. ఆవిడ ప్రతి జూన్‌లోనూ ఆ మాట వింటారు కాబట్టి మీరు మొహమాటపడనక్కర్లేదు. మిగిలేది కీబోర్డు ఒక్కటి. దాన్ని అపార్ట్‌మెంట్ వాట్సాప్ గ్రూపులో పెట్టండి: "కీబోర్డు, స్టాండుతో సహా, మంచి కండిషన్, పెద్దగా వాడలేదు." గ్రూపులో వచ్చే ప్రకటనల్లో పూర్తిగా నిజమైంది ఇదొక్కటే. పది నిమిషాల్లో రెండో అంతస్తు నుంచి జవాబొస్తుంది: "ఇంకా ఉందాండీ? మా బాబుకు ఆరేళ్లు నిండాయి."