నన్ను తీయించడానికయ్యే ఖర్చు

స్టీలు రాడ్డుని. రావులపాలెం దగ్గర హైవే మీద కారు గుద్దేసిన ఒక కొబ్బరి దింపు కార్మికుడి తొడ ఎముకలో ఉంటున్నాను. ఎక్స్‌రేలో తెల్లగా, నిటారుగా కనబడతాను.

రాజమండ్రి ఆసుపత్రి బిల్లులో నా పేరు ‘ఇంప్లాంటు’. ఆ కాగితం లేకపోతే మోటారు ప్రమాదాల ట్రిబ్యునల్లో నా ఖర్చు లేనట్టే. మావాడి భార్య మందుల చీటీలన్నీ ఓ ప్లాస్టిక్ కవర్లో దాచింది. చీటీ ఇవ్వనివాళ్ల సంగతో? కట్టు మార్చిన ఊరి ఆర్‌ఎంపీ, ఆటోవాడు, పాలూ గుడ్లూ, మంచం పక్కన కూర్చోడానికి కూలి మానుకున్న బావమరిది! రవాణా, పోషకాహారం కూడా వైద్యం ఖర్చు పద్దులోవేనని 2010లో రాజ్‌కుమార్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. కాగితం లేనివాటికి మాత్రం ట్రిబ్యునల్ ఉజ్జాయింపుగా ఓ మొత్తం వేస్తుంది. అదే కాకినాడ పెద్దాసుపత్రిలో ఉచితంగా వేయించుకుని ఉంటే ఆ పద్దు దాదాపు ఖాళీ; ఎముక విరిగిన నొప్పి మాత్రం ఒకటే.

బిల్లులు పెంచి రాశారన్నాడు బీమా కంపెనీ వకీలు. డాక్టరు బోనెక్కి కాలికి 30 శాతం వైకల్యం అన్నాడు. కాలికి 30 అయితే బతుకుతెరువుకెంత? కుర్చీలో కూర్చునే గుమస్తాకి పెద్ద నష్టం ఉండకపోవచ్చు. చెట్టెక్కితేనే పూట గడిచేవాడికి? అవయవం శాతం కాదు, సంపాదన ఎంత పడిపోయిందో చూడాలని రాజ్‌కుమార్ తీర్పులోనే ఉంది. మా వకీలు ఆ పేజీ మడతపెట్టుకుని తిరిగాడు. ఆయనంటే నాకు గౌరవం.

ఇక అప్పు. ఆపరేషన్‌కి నూటికి 3 రూపాయల వడ్డీకి తెచ్చారు, అంటే ఏడాదికి 36. ట్రిబ్యునల్ వేసే వడ్డీ ఏడున్నరకి అటూ ఇటూ. వాయిదాలు సాగేకొద్దీ ఎవరికి లాభమో వేరే చెప్పాలా? లోక్ అదాలత్‌లో రాజీ పడ్డారు. డాక్టరు రాసిచ్చిన ‘భవిష్యత్ వైద్య ఖర్చు’, అంటే నన్ను తీయించే డబ్బు, బేరంలో మొట్టమొదట ఎగిరిపోయింది.

2025 మేలో కేంద్రం ప్రమాద బాధితులకు 7 రోజులపాటు లక్షన్నర వరకు నగదు కట్టక్కర్లేని వైద్యం తెచ్చింది. మావాడి అప్పు అంతకుముందుది.

ఇప్పుడు అంబాజీపేటలో కురిడీలు ఏరే పనికి కుదిరాడు. చలికి నేను సలుపుతుంటే, తీయించేసుకోవయ్యా అంటుంది భార్య. “మళ్లీ అప్పెవడిస్తాడే?” అంటాడు.